దెగానియా: గలిలయ ఒడ్డున ఉమ్మడి ఊరు

1910వ సంవత్సరం మే నెలాఖరులో, దక్షిణాఫ్రికాలో జొహాన్నెస్‌బర్గ్ నగరానికి 21 మైళ్ల దూరాన, గాంధీగారూ ఆయన స్నేహితుడు హెర్మన్ కాలెన్‌బాక్ కలిసి ఒక ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం మొదలుపెట్టారు. భూమి 1,100 ఎకరాలు, కాలెన్‌బాక్‌ది. ఆయన యూదుడు, వృత్తికి ఆర్కిటెక్టు. జైలుకు వెళ్లిన సత్యాగ్రహుల భార్యాబిడ్డలు తలదాచుకోవడానికి ఆ భూమిని బాడుగ తీసుకోకుండా ఇచ్చాడు. దానికి టాల్‌స్టాయ్ ఫారమ్ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ చేరినవాళ్లలో గుజరాతీలు, తమిళులతో పాటు ఆంధ్రదేశం వాళ్లు కూడా ఉన్నారని గాంధీగారే తన పుస్తకంలో రాసుకున్నారు. అందరూ కలిసి వండుకున్నారు, పాయిఖానాలు తామే శుభ్రం చేసుకున్నారు, చెప్పులు కుట్టడం నేర్చుకున్నారు.

అదే సంవత్సరం అక్టోబరు 28న, పాలస్తీనాలో, గలిలయ సరస్సు దక్షిణపు కొసన, ఉమ్ జూని అనే చిన్న అరబ్బు పల్లె దగ్గర పన్నెండు మంది చేరారు. పదిమంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. అందరూ ఇరవయ్యేళ్లు అటూ ఇటూగా ఉన్న పిల్లలే. రష్యా సామ్రాజ్యంలో పుట్టి, అక్కడ యూదుల మీద జరిగిన దాడులు చూసి వచ్చినవాళ్లు. పొలం అందరిదీ, పశువులు అందరివీ, డబ్బు ఒకే పెట్టెలో, పెత్తందారు ఎవరూ లేరు. ఆ గుంపు పెంచిన ఊరే దెగానియా. ప్రపంచంలో మొట్టమొదటి కిబుట్జ్ అని దాన్ని చెప్పుకుంటారు. ఆ తర్వాత అలాంటి ఊళ్లు రెండు వందల డెబ్బై దాకా వచ్చాయి.

ఈ రెండు ప్రయోగాలూ ఒకదాన్ని చూసి ఒకటి పుట్టినవి కావు. కానీ వాటి దారులు ముప్పై అయిదేళ్ల తర్వాత ఒకచోట కలిశాయి. ఆ సంగతి ముందు ముందు చెప్తాను.

మొదట ఆ ఊరు ఎక్కడుందో కాస్త చూద్దాం. గలిలయ సముద్రం అని బైబిలులో చదువుతాం గానీ నిజానికి అది మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ 13. హెబ్రూలో కిన్నెరెత్ అంటారు. సముద్ర మట్టానికి సుమారు 210 మీటర్ల దిగువన ఉంటుంది. భూమి మీద ఇంతకంటె పల్లాన ఉన్న మంచినీటి సరస్సు ఇంకొకటి లేదు. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నె లాంటి పల్లం. అందువల్ల వేసవిలో గాలి ఆడదు, ఎండ మాడ్చేస్తుంది. ఉత్తరాన హెర్మోను పర్వతం వైపు నుంచి యొర్దాను నది వచ్చి సరస్సులో కలుస్తుంది, దక్షిణాన మళ్లీ బయటికి వస్తుంది. సరిగ్గా ఆ బయటికి వచ్చే చోట దెగానియా. తూర్పున గోలన్ కొండలు, దక్షిణాన యార్మూక్ నది. నీళ్లకు కొరత లేదు, మట్టి మంచిది. అయితే ఆ రోజుల్లో దోమలకూ కొరత లేదు. వచ్చినవాళ్లలో మలేరియా జ్వరంతో మంచం పట్టని మనిషి లేడు. క్వినైను లేకుండా అక్కడ ఏ పనీ సాగేది కాదు.

అసలు పెత్తందారు లేకుండా వ్యవసాయం చేద్దామన్న ఆలోచన ఎలా వచ్చింది? సిద్ధాంతం చదువుకుని వచ్చి, దాన్ని నేల మీద నాటారని చాలామంది అనుకుంటారు. సోషలిజం పుస్తకాలు వాళ్లు చదవకపోలేదు. కానీ నేను చదివినంతలో, దెగానియా పుట్టింది ఒక తగాదాలోంచి. ఆ సరస్సు ఒడ్డునే 1908లో కిన్నెరెత్ ఫారమ్ అని ఒక శిక్షణ క్షేత్రం పెట్టారు. భూములు కొనేది యూదు జాతీయ నిధి అనే సంస్థ. వాటిని సాగులోకి తెచ్చే పని జాఫాలో ఉన్న పాలస్తీనా కార్యాలయానిది. దానికి అధిపతి ఆర్థర్ రుప్పిన్ అనే జర్మన్ యూదుడు. ఫారమ్ మీద ఒక మేనేజరు ఉండేవాడు. కూలికి వచ్చిన కుర్రాళ్లకూ ఆయనకూ పడలేదు. పని ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరు చేయాలి, తిండి ఎలా ఉండాలి, అన్నిట్లోనూ గొడవే. 1909లో సమ్మె చేశారు. రుప్పిన్ వచ్చి రెండు పక్షాలతో మాట్లాడి ఒక మధ్యేమార్గం పట్టాడు. యొర్దాను అవతల ఉమ్ జూని దగ్గరున్న భూమిని కొద్దిమంది పనివాళ్లకే అప్పగించాడు. మీమీద మేనేజరు ఉండడు, ఏడాది పాటు మీరే చేసి చూపించండి అన్నాడు. ఆ ఏడాది చివర లెక్క చూస్తే, మేనేజరు ఉన్న ఫారమ్‌కు నష్టం, మేనేజరు లేని పొలానికి లాభం.

ఆ మొదటి జట్టు ఏడాది కాగానే వెళ్లిపోయింది. వాళ్ల స్థానంలో హదేరా అనే ఊళ్లో అప్పటికే కలిసి వండుకు తింటున్న ఒక చిన్న జట్టు వచ్చింది. ఇందాక చెప్పిన పన్నెండు మందీ వాళ్లే. యోసెఫ్ బరాత్స్, మిరియం, తన్‌హూమ్ తన్పిలోవ్, సారా మాల్కిన్, యోసెఫ్ బుస్సెల్ అందులోవాళ్లు. ఏడాది కోసం వచ్చి, అక్కడే ఉండిపోవాలని నిర్ణయించుకున్నారు. 1912లో నది సరస్సులోంచి బయటికి వచ్చే చోటికి మారి, నల్లరాతితో ఒక పెద్ద లోగిలి కట్టుకున్నారు. ఆ లోగిలి ఇప్పటికీ ఉంది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఆ భూమి అంతకు ముందు ఖాళీగా పడి లేదు. తుర్కీ పాలనలో పాలస్తీనాలో చాలా భూములు దూరాన పట్నాల్లో ఉండే ఆసాముల పేరు మీద ఉండేవి. దున్నేది మాత్రం కౌలు రైతులు. ఆసామి అమ్ముకుంటే కాగితం మీద అంతా చట్టబద్ధమే. తరతరాలుగా దున్నినవాడు మాత్రం నాగలి భుజాన వేసుకుని వెళ్లిపోవాలి. జమీందారీలు చూసిన మన ఊళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పైగా ఈ వచ్చిన యువకులకు ఒక నియమం ఉంది. తమ పొలంలో తామే చేయాలి, కూలి మనుషుల్ని పెట్టకూడదు. ఒకరి చెమట మీద ఇంకొకరు బతకకూడదన్న పట్టుదల అందులో ఉంది. నేను దాన్ని మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. అయితే అదే నియమం వల్ల చుట్టుపక్కల అరబ్బు పల్లెలవాళ్లకు ఆ పొలంలో కూలి కూడా దొరకలేదు. ఒకే నియమం లోపలివాళ్లకు న్యాయమైంది, బయటివాళ్లకు మూసిన గేటైంది. కిబుట్జ్ కథను ఏ వైపు నుంచి చెప్పినా ఈ రెండో సగాన్ని వదిలితే అది సగం కథే.

సరే, అన్నీ ఉమ్మడి అనుకున్నారు. మరి అన్నిటికన్నా ముందు చిక్కు ఎక్కడ వచ్చిందంటే వంటింట్లో వచ్చింది. పన్నెండు మందిలో ఇద్దరు ఆడవాళ్లు. పొలం పని మగవాళ్లది, వంట, ఉతుకుడు ఆడవాళ్లది అని ఎవరూ అడక్కుండానే తేలిపోయింది. సమానత్వం గురించి రాత్రిళ్లు చర్చలు చేసినవాళ్లే తెల్లారేసరికి రొట్టె సిద్ధమైందా అని అడిగారు. మిరియం ఒప్పుకోలేదు. పశువుల పని నేను చేస్తానంది. అది నీకు చేతకాదన్నారు. ఆమె దగ్గర్లోని అరబ్బు పల్లెకు వెళ్లి, అక్కడి ఆడవాళ్ల పక్కన కూర్చుని పాలు పితకడం నేర్చుకుంది. తర్వాత ఒకరోజు తెల్లవారకముందే లేచి, మగవాళ్లు తపేలాలు పట్టుకుని కొట్టానికి వచ్చేసరికి ఆవులన్నిటినీ పితికేసింది. ఇంక వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఆనాటి నుంచి దెగానియా పాడి ఆమెదే. ఆ పిల్లకు పాఠం చెప్పిన ఆ అరబ్బు ఆడవాళ్ల పేర్లు ఎక్కడా రాసి ఉండకపోవడం నాకు చాలా లోటుగా అనిపిస్తుంది.

మిరియం, యోసెఫ్ బరాత్స్ పెళ్లి ఆ ఊళ్లో మొదటి పెళ్లి. 1913లో వాళ్లకు కొడుకు పుట్టాడు, గిదియోన్. కిబుట్జ్‌లో పుట్టిన మొదటి బిడ్డ. అప్పుడు అసలైన ప్రశ్న వచ్చింది. బిడ్డ ఎవరి బాధ్యత? తల్లి బిడ్డను చూసుకుంటే ఆమె పని పోతుంది. పని మానకూడదంటే బిడ్డను ఎవరు చూడాలి? మిరియం మొదట్లో బిడ్డను వెంటబెట్టుకునే పశువుల కొట్టానికి వెళ్లింది. ఇంకొకరి బిడ్డ, మరొకరి బిడ్డ పుట్టాక అది కుదరదని తేలింది. 1915లో అక్కడ పుట్టిన రెండో బిడ్డ పేరు మీకు తెలిసే ఉంటుంది. మోషే దయాన్, తర్వాత ఇజ్రాయెల్ రక్షణ మంత్రి అయ్యాడు.

ఈ చర్చలో గట్టిగా మాట్లాడినవాడు యోసెఫ్ బుస్సెల్. ఆ జట్టుకు ఆలోచన ఇచ్చే మనిషి అతనే. పిల్లల పెంపకం ఖర్చు తల్లిదండ్రులది కాదు, ఊరందరిదీ అని, పిల్లల్ని చూసుకోవడం కూడా పొలం పని లాంటి పనేనని, దానికీ మనిషిని కేటాయించాలని వాదించి ఒప్పించాడు. ఆ రోజుల్లో ప్రపంచంలో ఎక్కడైనా, పిల్లల్ని పెంచడాన్ని పనిగా లెక్క రాసుకున్న ఊరు ఎన్ని ఉంటాయి చెప్పండి. బుస్సెల్ ఎక్కువ కాలం బతకలేదు. 1919లో తిబెరియ నుంచి పడవలో తిరిగి వస్తూ ఆ సరస్సులోనే మునిగిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు.

పిల్లల పెంపకం ఊరందరిదీ అన్న ఆ నిర్ణయమే తర్వాతి కిబుట్జ్‌లలో ఇంకా ముందుకు వెళ్లి పిల్లల ఇళ్లుగా మారింది. చాలా కిబుట్జ్‌లలో పిల్లలు పగలే కాదు, రాత్రిళ్లు కూడా తోటిపిల్లలతో వేరే ఇంట్లో పడుకునేవాళ్లు. సాయంత్రం కొద్ది గంటలు అమ్మానాన్నల దగ్గర. తల్లులకు పని దొరికింది, పిల్లలకు స్నేహితులు దొరికారు. కానీ ఆ పిల్లలు పెద్దయ్యాక రాసిన జ్ఞాపకాల్లో, చీకట్లో మెలకువ వచ్చి అమ్మ కోసం ఏడ్చిన రాత్రులు మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ పిల్లలే తల్లులై, మా పిల్లల్ని మేం పక్కలో పడుకోబెట్టుకుంటామని పట్టుబట్టారు. 1991లో గల్ఫ్ యుద్ధమప్పుడు క్షిపణులు పడుతుంటే ఎవరి బిడ్డను వాళ్లు దగ్గరికి తీసుకున్నారు. ఆ దశాబ్దం ముగిసేసరికి ఆ పద్ధతి ఎక్కడా మిగల్లేదు.

రోజువారీ బతుకు ఎలా ఉండేదో ఒక్క ముక్క చెప్తాను. మధ్యలో భోజనశాల. మూడు పూటలా అందరూ అక్కడే తినాలి. వడ్డన, గిన్నెలు కడగడం వంతులవారీగా. ఎవరు రేపు ఏ పనికి వెళ్లాలో ఒకరు జాబితా రాసి గోడకు అంటించేవారు. బట్టలు ఉమ్మడి కొట్లోంచి వచ్చేవి. తొలినాళ్లలో కొన్నిచోట్ల, ఉతికి వచ్చిన చొక్కాల్లో ఒంటికి పట్టింది తొడుక్కోవడమే, నాది అన్న చొక్కా లేదు. వారానికోసారి, మామూలుగా శనివారం రాత్రి, సర్వసభ్య సమావేశం. అక్కడ ఓటు లేకుండా ఏదీ కదలదు. ఎవరిని చదువుకు పంపాలి, కొత్త ట్రాక్టరు కొనాలా, ఫలానా కుటుంబానికి ఇంకో గది ఇవ్వాలా, అన్నీ అక్కడే.

కిబుట్జ్‌లలో ఎన్నో ఏళ్లు నలిగిన ఒక చర్చ టీ కెటిల్ గురించి. సభ్యులు ఎవరి గదిలో వాళ్లు కెటిల్ పెట్టుకోవచ్చా, కూడదా? బయటినుంచి చూసేవాడికి ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. వాళ్లకు అది చిన్నది కాదు. గదిలో టీ కాచుకున్నవాడు సాయంత్రం భోజనశాలకు రాడు. రానివాడు పక్కవాడితో మాట్లాడడు. మాట్లాడనివాడు సమావేశానికి ఎందుకొస్తాడు? కెటిల్ తర్వాత రేడియో, రేడియో తర్వాత ఫ్రిజ్, తర్వాత టీవీ. ఒక్కొక్కటీ గదిలోకి వచ్చిన కొద్దీ భోజనశాలలో ఒక్కో కుర్చీ ఖాళీ అయింది. కెటిల్‌కు అడ్డుపడిన ఆ పెద్దల భయం ఉత్తుత్తి భయం కాదని తర్వాతి చరిత్ర చూపించింది. ఉమ్మడి బతుకు డబ్బు పెట్టె దగ్గరకన్నా ముందు అన్నం బల్ల దగ్గర నిలబడుతుంది, అక్కడే సడలుతుంది. ఈ ప్రసంగంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదే.

దెగానియా మొదటివాళ్లకు ఇంకో నమ్మకం ఉండేది. ఊరు చిన్నగా ఉండాలి, ఒక కుటుంబమంత. మనిషికి మనిషి తెలియనంత పెద్దదైతే ఉమ్మడి నిలవదు అని. అందుకే జనం పెరగగానే 1920లో పక్కనే దెగానియా బెత్ అని రెండో ఊరు కట్టించి కొత్తవాళ్లకు ఇచ్చారు. తర్వాత ఇజ్రాయెల్ ప్రధానమంత్రి అయిన లెవీ ఎష్కోల్ ఆ రెండో ఊరి సభ్యుడు. అన్ని కిబుట్జ్‌లూ ఇలా చిన్నగా ఉండాలనుకోలేదు. మరుసటి ఏడాది పెట్టిన ఏన్ హరోద్ వంటివి పెద్ద ఊళ్లుగా పెరగాలనే మొదలయ్యాయి.

దెగానియాకు వచ్చిన మనుషుల్లో ముగ్గురి గురించి చెప్పాలి. ఎ.డి. గోర్డన్ 1904లో నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆఫీసు ఉద్యోగం వదిలి పాలస్తీనా వచ్చాడు. కుర్రవాళ్ల పక్కన నిలబడి పార పట్టాడు. ఒంటిపని మనిషిని బాగుచేస్తుందని నమ్మాడు, అదే రాశాడు. పగలు పొలంలో, రాత్రి రాతబల్ల దగ్గర. చివరి రోజులు దెగానియాలో గడిపి 1922లో అక్కడే కన్నుమూశాడు. ఆయన పేరుతో ఊళ్లో ప్రకృతి, వ్యవసాయ మ్యూజియం ఉంది. రెండో మనిషి యోసెఫ్ త్రుంపెల్దోర్. రష్యా జపాన్ యుద్ధంలో ఎడమ చేయి పోగొట్టుకున్న సైనికుడు. ఒంటిచేత్తో ఇక్కడ పొలం పని చేశాడు.

మూడో మనిషి కవయిత్రి రాహేల్. హెబ్రూ పాఠకులు ఇంటిపేరు లేకుండా పిలుచుకునే కవయిత్రి. 1919లో దెగానియాకు వచ్చింది. ఆమెకు క్షయ అని తేలింది. పిల్లలకు అంటుకుంటుందని ఊరివాళ్లు ఆమెను వెళ్లిపొమ్మన్నారు. ఆనాటికి క్షయకు మందు లేదు, పిల్లల్ని కాపాడుకోవాలన్న భయం అర్థం కాదా అంటే అవుతుంది. అయినా, జబ్బుపడ్డ మనిషికి చోటు లేకపోతే ఉమ్మడికి అర్థమేమిటి? ఆమె తర్వాత టెల్ అవీవ్‌లో ఒక్కతే ఉండి, 1931లో నలభై ఏళ్లకే పోయింది. ఆ సరస్సు మీద ఆమె రాసిన పాటలు దేశమంతా పాడుకుంటారు. ఆమె సమాధి కూడా సరస్సు ఒడ్డున, కిన్నెరెత్ శ్మశానంలోనే. వెళ్లగొట్టిన నేల పక్కనే ఆమెకు చోటు దొరికింది.

శ్మశానం మాట వచ్చింది కాబట్టి మొదట్లో వాయిదా వేసిన సంగతి చెప్తాను. 1914లో గాంధీగారితో కలిసి ఇండియా రావాలని కాలెన్‌బాక్ బయల్దేరాడు. ఇంగ్లండు చేరేసరికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. జర్మన్ పౌరుడని ఆయనను నిర్బంధించారు. గాంధీగారు ఇటు వచ్చారు, ఆయన అక్కడే ఆగిపోయాడు. ఇద్దరూ మళ్లీ కలుసుకోవడానికి ఇరవై ఏళ్లు దాటింది. 1937లో కాలెన్‌బాక్ పాలస్తీనా వెళ్లి కిబుట్జ్‌లు చూశాడు. టాల్‌స్టాయ్ ఫారమ్‌లో తాము మొదలుపెట్టి కొద్ది సంవత్సరాలకే ఆపేసింది ఇక్కడ సాగుతోందని ఆయనకు అనిపించి ఉండాలి. అదే ఏడాది ఇండియా వచ్చి గాంధీగారిని కలుసుకున్నాడు. పాలస్తీనా విషయంలో గాంధీగారి అభిప్రాయం వేరు. ఆ దేశం అరబ్బులదని 1938 నవంబరులో హరిజన్ పత్రికలో సూటిగా రాశారు. ఆ మాట వాళ్ల స్నేహాన్ని తెంచలేదు. స్నేహం ఆ మాటను మార్చనూ లేదు. 1945లో కాలెన్‌బాక్ దక్షిణాఫ్రికాలో కన్నుమూశాడు. ఆయన అస్థికలను దెగానియాకు తెచ్చి అక్కడి శ్మశానంలో ఉంచారు. మన వాళ్లు దండి చూస్తారు, సబర్మతి చూస్తారు. గాంధీగారి ఉమ్మడి బతుకు ప్రయోగానికి భూమి ఇచ్చిన మనిషి యొర్దాను ఒడ్డున ఉన్నాడని తెలిసినవాళ్లు తక్కువ.

1948కి వద్దాం. దెగానియాకు కూతవేటు దూరంలో సమాఖ్ అని అరబ్బుల ఊరు. తుర్కీల కాలంలో హైఫా నుంచి డమాస్కస్ వెళ్లే రైలుకు అక్కడ పెద్ద స్టేషను. మూడు వేలకు పైగా జనం, బజారు, చేపల వ్యాపారం. దెగానియావాళ్లు తొలిరోజుల్లో ఉత్తరం వేయాలన్నా, రైలెక్కాలన్నా ఆ ఊరికే వెళ్లేవారు. 1948 ఏప్రిల్‌లో, తుర్కీల తర్వాత పాలస్తీనాను ఏలిన బ్రిటిషువాళ్లు వెళ్లిపోతుండగా, యూదు దళాలు సమాఖ్‌ను పట్టుకున్నాయి. ఊరు ఊరంతా ఖాళీ అయింది. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. మే నెలలో సిరియా సైన్యం ట్యాంకులతో దిగింది. సమాఖ్‌ను తీసుకుని, మే 20న రెండు దెగానియాల మీదికి వచ్చింది. కిబుట్జ్‌వాళ్లు కందకాల్లోంచి, పెట్రోలు సీసాలు విసురుతూ ఎదుర్కొన్నారు. ఒక ట్యాంకు కంచె దాటి లోపలికి వచ్చి ఆగిపోయింది. దాన్ని ఆపింది సీసానా, ఫిరంగి గుండా, ఎవరి చేయి అని దశాబ్దాల తరబడి వాదన నడిచింది. ట్యాంకు ఇప్పటికీ అక్కడే, చెట్ల మధ్య, ఆగినచోటే ఉంది. సమాఖ్‌లో ఇళ్లు మిగల్లేదు. రైలు స్టేషను భవనం మాత్రం బాగుచేసి నిలబెట్టారు. ఆ చుట్టుపక్కల ఇప్పుడు ఫ్యాక్టరీలు, ఒక కాలేజీ ఉన్నాయి.

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా కిబుట్జ్‌లకు మంచి కాలం. జనాభాలో కొద్ది శాతమే అయినా మంత్రులు, సైన్యాధికారులు, రచయితలు అక్కడి నుంచి వచ్చారు. దెగానియా పొలాల్లో అరటి, అవకాడో, ఖర్జూరం. ఆ లోయలో ఖర్జూరానికి ఒక చరిత్ర ఉంది. పక్కనే ఉన్న కిన్నెరెత్ కిబుట్జ్ సభ్యుడు బెన్‌సియోన్ ఇస్రాయేలి 1930లలో ఇరాక్, ఈజిప్టు, ఇరాన్ తిరిగి ఖర్జూరపు పిలకలు మూటలు కట్టి తెచ్చాడు. ఇవాళ ఆ లోయంతా కనిపించే ఈతవనాల్లాంటి తోటలకు మొదలు అవే. వ్యవసాయంతో పాటు దెగానియా వజ్రపు పొడితో కోత పనిముట్లు చేసే ఫ్యాక్టరీ కూడా పెట్టుకుంది.

1980లలో దెబ్బ తగిలింది. ఇజ్రాయెల్‌లో ధరలు ఏడాదికి నాలుగు వందల శాతానికి పైగా పెరిగిన రోజులు. అప్పులు తెచ్చి ఫ్యాక్టరీలు, ఇళ్లు కట్టుకున్న కిబుట్జ్‌లు 1985లో ప్రభుత్వం ద్రవ్యోల్బణానికి కళ్లెం వేసి వడ్డీలు పెంచేసరికి ఊబిలో కూరుకుపోయాయి. యువకులు పట్నాలకు వెళ్లిపోయారు. ముసలివాళ్లు మిగిలారు, పెన్షను లేదు. ఊరంతా కలిసి చూసుకుంటుందన్న నమ్మకంతో వాళ్లెవరూ ఒక్క పైసా వెనకేసుకోలేదు. ఒక్కొక్క కిబుట్జే జీతాల పద్ధతికి మారింది. 2007లో దెగానియా కూడా మారింది. పెద్ద మెజారిటీతో సభ్యులే ఓటేసుకున్నారు. అంతకు ముందు డాక్టరుగా చేసినా, వంటశాలలో చేసినా సంపాదన ఉమ్మడి పెట్టెలోకి వెళ్లేది, అందరికీ ఒకేలా భత్యం వచ్చేది. ఇప్పుడు ఎవరి సంపాదన వాళ్లది. దానిలోంచి కొంత ఊరికి పన్నుగా కట్టాలి. ఆ డబ్బుతో వృద్ధులకు, జబ్బుపడినవాళ్లకు, తక్కువ సంపాదించేవాళ్లకు ఆసరా. ఆ వార్త వచ్చినప్పుడు కిబుట్జ్ చచ్చిపోయిందని ప్రపంచమంతా రాశారు. నేను అలా అనుకోను. 1910లో పన్నెండు మంది కూర్చుని తేల్చుకున్నట్టే 2007లో మూడు వందల మంది కూర్చుని తేల్చుకున్నారు. పైవాడెవడూ ఆజ్ఞ వేయలేదు. సోవియట్ యూనియన్‌లో ఉమ్మడి పొలాలు తుపాకీతో పెట్టారు, కూలినప్పుడు రైతును ఎవరూ అడగలేదు. ఇక్కడ పెట్టిందీ, సడలించిందీ అందులో బతికినవాళ్లే. ఆ తేడా నా దృష్టిలో చాలా పెద్దది.

2023 అక్టోబరు 7 తర్వాత కిబుట్జ్ అనే మాట ప్రతి ఇంటి టీవీలోనూ వినబడింది. గాజా సరిహద్దున ఉన్న బేరి, నీర్ ఓజ్, కఫర్ అజా కిబుట్జ్‌లలో హమాస్ సాయుధులు ఇళ్లలోకి చొరబడి చంపారు, ముసలివాళ్లనూ పసిపిల్లలనూ ఎత్తుకుపోయారు. ఆ తర్వాత గాజా మీద సాగిన యుద్ధంలో చనిపోయిన పాలస్తీనీయులు పదుల వేలమంది. అందులోనూ పిల్లలే ఎంతోమంది. ఈ రెండు దుఃఖాల్లో ఏ ఒక్కదాన్నీ తగ్గించి చెప్పడానికి నాకు నోరు రాదు. బేరిలో మిగిలినవాళ్లు చెల్లాచెదురు కాకుండా, హత్సెరిమ్ అనే మరో కిబుట్జ్‌లో తాత్కాలిక ఇళ్లు కట్టించుకుని ఊరు ఊరుగానే కలిసి వెళ్లారు.

మళ్లీ గలిలయ ఒడ్డుకు వద్దాం. మన రాష్ట్రాల నుంచి ఏటా వేలమంది పవిత్ర భూమి యాత్రకు వెళ్తుంటారు. తెలుగువాళ్లు ఎంతోమంది అక్కడ వృద్ధుల్ని చూసుకునే పనుల్లో ఉన్నారు. యాత్రికుల బస్సులు యర్దెనిత్ అనే చోట ఆగుతాయి. బాప్తిస్మం కోసం తెల్లబట్టలతో నదిలో దిగే చోటు. దాన్ని నడిపేది కిన్నెరెత్ కిబుట్జే. అక్కడికి కాస్త ఎగువన సరస్సుకు ఆనకట్ట తూములున్నాయి. 1930లలో విద్యుత్తు కోసం కట్టినవి. వానలు బాగా పడి సరస్సు నిండితే తప్ప ఆ తూములు పూర్తిగా ఎత్తరు. 1964 నుంచి దశాబ్దాల పాటు సరస్సు నీళ్లను పెద్ద గొట్టాల్లో దేశం దక్షిణానికి తోలడంతో దిగువ యొర్దాను చాలా పొడుగున చిన్న కాలవైపోయింది. మీరు ఆ వైపు వెళ్తే గైడును అడిగి ఒక గంట ఎక్కువ ఉండండి. దెగానియా లోగిలి చూడండి, కాలెన్‌బాక్ ఉన్న శ్మశానం చూడండి. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్న సమాఖ్ స్టేషను కూడా తప్పకుండా చూడండి. గైడ్లు చాలామంది దెగానియా చూపించి సమాఖ్ స్టేషను ముందు బస్సు ఆపరు. ఆపమని అడగండి.